వానాకాలం ఫుట్‌బాల్, చలికాలం క్రికెట్: చునీ గోస్వామి జీవితం నుంచి మనకొక పాఠం



మేము ఈ హాస్టల్లో ఉన్నప్పుడు ఆటసామాను అంటే ఒక ఫుట్‌బాల్, ఒక రబ్బరు బంతి, తాటిమట్టతో చెక్కుకున్న బ్యాటు. అంతే. గోదావరికి వరద వచ్చే రోజుల్లో గ్రౌండు బురదయ్యేది. ఆ బురదలో క్రికెట్ కుదరదు కాబట్టి ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చేసరికి నేల గట్టిపడేది, ఫుట్‌బాల్‌లో గాలి పోయేది. అప్పుడు తాటిమట్ట బయటికి వచ్చేది. వేసవి సెలవులకు ఇళ్ళకు వెళితే ఆటలేమీ లేవు, తునికాకు కోతే. అంటే మాకు తెలియకుండానే మేమంతా రెండు ఆటల ఆటగాళ్ళమే!

తొమ్మిదో తరగతిలో ఒక పెద్దాయన మమ్మల్ని నిలబెట్టి, "ఆటా, చదువా? ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నారు. మేము చదువు అన్నాం. పది పాసయ్యాం, ఇంటరు, డిగ్రీ చేశాం, ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. మాతో పాటు ఆడిన గోల్‌కీపర్ మిత్రుడూ ఆట మానేశాడు. వాడిని బడికి తెచ్చేదే ఆట. ఆట పోయాక వాడికి బడి మీద మనసు పోయింది. పది తప్పాడు. ఇప్పుడు ఖమ్మం మిర్చి మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు. వాడిని చూసినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. ఏదో ఒకటే తేల్చుకోవాలన్న మాట నిజమేనా? ఈ ప్రశ్న పట్టుకుని మేము వెతికితే ఒక మనిషి జీవితం దొరికింది. అదే ఈ వ్యాసం.

1. ఎనిమిదేళ్ళకు మొదలైన ఆట

ఆయన అసలు పేరు సుబిమల్ గోస్వామి. దేశమంతా చునీ గోస్వామి అని పిలిచింది. 1938 జనవరి 15న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కిశోర్‌గంజ్‌లో పుట్టారు. పెరిగింది కలకత్తాలో. ఎనిమిదేళ్ళ వయసులో, 1946లో, మోహన్ బగాన్ క్లబ్బు పిల్లల జట్టులో చేరారు. 1954లో పెద్దల జట్టులోకి వచ్చారు. 1968లో ఫుట్‌బాల్ మానేసేదాకా అదే క్లబ్బు. వేరే క్లబ్బు చొక్కా వేసుకోలేదు. 1960 నుంచి కొన్నేళ్ళు ఆ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నారు.

ఆయన ఫార్వర్డ్ ఆటగాడు. బంతి కాలికి అతుక్కున్నట్లే ఉండేదనీ, ఎదురుగా వచ్చినవాడిని భుజం కదలికతోనే ఏమార్చేవారనీ ఆయన ఆట చూసినవాళ్ళు రాశారు. 1956 నుంచి భారత జట్టుకు ఆడారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడారు. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు ఫ్రాన్స్‌తో 1-1గా సమం చేసింది.

2. జకార్తా, 1962: కెప్టెన్ చునీ, కోచ్ మన రహీం సాబ్

ఇక్కడ మన హైదరాబాదు కథలోకి వస్తుంది. భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన హైదరాబాదులో బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తయారుచేసి, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు గెలిపించారు. భారత జట్టు కోచ్‌గా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఈయన కథే.

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియాలోని జకార్తాలో జరిగాయి. మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించింది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచింది. ఆ మూడు గోల్స్‌లో రెండు కెప్టెన్ చునీ గోస్వామివే.

ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియా. తేదీ సెప్టెంబరు 4. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకు రానివ్వకపోవడం మీద భారత క్రీడాధికారి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు అక్కడి జనం మనవాళ్ళ మీద కోపంగా ఉన్నారు. స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. తల అడ్డం పెట్టి బంతిని ఆపడం కష్టం. రహీం సాబ్ ఏం చేశారంటే ఆయన్ని వెనక నుంచి తీసి ముందు వరుసలో, గోల్ కొట్టే చోట నిలబెట్టారు. ఫైనల్లో పి.కె. బెనర్జీ ఒక గోల్, ఆ జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. మనం 2-1తో గెలిచాం. ఆ తర్వాత నేటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో బంగారు పతకం రాలేదు.

అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. మరుసటి ఏడాది 1963 జూన్ 11న కన్నుమూశారు. చునీ గోస్వామికి అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది. 1964లో ఆయన కెప్టెన్సీలోనే మన జట్టు ఆసియా కప్‌లో రెండో స్థానంలో నిలిచింది. అదే ఏడాది అంతర్జాతీయ ఫుట్‌బాల్ నుంచి తప్పుకున్నారు. వయసు 27 కూడా నిండలేదు.

3. అదే మనిషి, తెల్ల దుస్తుల్లో

ఇప్పుడు అసలు విషయం. జకార్తాలో బంగారు పతకం అందుకున్నది 1962 సెప్టెంబరులో. రంజీ ట్రోఫీలో బెంగాల్ తరఫున మొదటిసారి క్రికెట్ ఆడింది 1962-63 సీజన్లో. అంటే మధ్యలో కొన్ని నెలలే! దేశానికి ఫుట్‌బాల్ కెప్టెన్‌గా ఉన్నవాడు రంజీలో కొత్త కుర్రాడిగా క్యూలో చివర నిలబడ్డాడు. ఈ ఒక్క మాట దగ్గర మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఒకచోట రాజులా ఉన్నవాడు ఇంకోచోట మొదటినుంచి నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

ఆయన కుడిచేతి బ్యాట్స్‌మన్, మీడియం పేస్ బౌలర్. 1966 డిసెంబరులో గ్యారీ సోబర్స్ నాయకత్వంలో వెస్టిండీస్ జట్టు మన దేశానికి వచ్చింది. ఇండోర్‌లో సెంట్రల్, ఈస్ట్ జోన్ల ఉమ్మడి జట్టు ఆ మహా జట్టును ఇన్నింగ్స్ తేడాతో ఓడించింది. ఆ మ్యాచ్‌లో చునీ గోస్వామి 8 వికెట్లు తీశారు. బౌలింగ్‌లో ఆయనకు తోడు సుబ్రతా గుహ. అంతేకాదు, చాలా దూరం వెనక్కి పరుగెత్తి పట్టిన ఒక క్యాచ్ గురించి క్రికెట్ అభిమానులు చాలాకాలం చెప్పుకున్నారు. ఆ పరుగు ఎక్కడిదో వేరే చెప్పాలా? మోహన్ బగాన్ గ్రౌండుదే!

1968-69 రంజీ ఫైనల్లో బొంబాయి మీద 96, 84 పరుగులు చేశారు. బెంగాల్ మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం పోగొట్టుకుని ట్రోఫీ చేజార్చుకుంది. 1971-72లో ఆయనే కెప్టెన్‌గా బెంగాల్‌ను ఫైనల్‌కు తీసుకెళ్ళారు. అప్పుడూ బొంబాయే గెలిచింది. మొత్తం 46 ఫస్ట్‌క్లాస్ మ్యాచులు, 1592 పరుగులు, ఒక సెంచరీ, 47 వికెట్లు. టెస్టు ఆడే అవకాశం మాత్రం రాలేదు. 1972-73తో క్రికెట్ కూడా ముగించారు.

1983లో పద్మశ్రీ వచ్చింది. 2020 జనవరిలో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. అదే ఏడాది ఏప్రిల్ 30న కోల్‌కతాలో కన్నుమూశారు.

4. ఇది ఎలా సాధ్యమైంది?

"ఆయనకు దేవుడిచ్చిన వరం" అని చెప్పి వదిలేస్తే అది పాఠం కాదు. కారణాలు విడివిడిగా చూద్దాం.

మొదటిది కాలం. ఆ రోజుల్లో కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ వేసవిలో మొదలై వానల్లో సాగేది. రంజీ మ్యాచులు చలికాలంలో జరిగేవి. మన హాస్టల్ గ్రౌండులో వాన వస్తే ఫుట్‌బాల్, నేల ఎండితే క్రికెట్ అన్నట్లే అదీ. 2014లో మొదలైన ఐఎస్‌ఎల్ మ్యాచులు చలికాలంలోనే జరుగుతూ వచ్చాయి. పైగా క్రికెట్ ఏడాది పొడవునా సాగుతోంది. కాబట్టి ఈనాడు పెద్దస్థాయిలో రెండూ ఆడటం చాలా కష్టం.

రెండోది శరీరం. ఫుట్‌బాల్ ఆడేవాడికి ఊపిరి నిలుస్తుంది. కాళ్ళు తేలిగ్గా కదులుతాయి. బ్యాట్స్‌మన్‌కు కావలసింది కూడా కాళ్ళ కదలికే. బంతి ఎక్కడ పడుతుందో పసిగట్టి ముందుకో వెనక్కో అడుగు వేయాలి. ఫీల్డింగ్‌లో బంతి పడే చోటును ముందే లెక్కగట్టి పరుగెత్తాలి. ఒక ఆటలో నేర్చుకున్నది రెండో ఆటలో వృథా పోదు.

మూడోది వరుస. ఆయన రెండింటినీ ఒకే బరువుతో మోయలేదు. 1964 దాకా ఫుట్‌బాల్ ముందు, క్రికెట్ వెనక. దేశపు జట్టు నుంచి తప్పుకున్నాక, 1968లో క్లబ్బు ఆట కూడా మానేశాక, క్రికెట్ ముందుకొచ్చింది. రెండు రంజీ ఫైనళ్ళూ ఆ తర్వాతివే. మన చదువుకూ ఆటకూ ఈ సూత్రమే పనికొస్తుంది. ఒకటి చంపి ఇంకొకటి బతికించనక్కర్లేదు. ఏ నెలలో ఏది ముందుండాలో తెలిస్తే చాలు.

నాలుగోది ఆసరా. దీన్ని మనం దాచిపెట్టుకోకూడదు. ఆయన వెనక ఎనిమిదో ఏట నుంచే పెద్ద క్లబ్బు ఉంది. గ్రౌండు ఉంది, బూట్లు ఉన్నాయి, నేర్పేవాళ్ళున్నారు. స్టేట్ బ్యాంకు ఉద్యోగం ఉంది. ఆట అయ్యాక రాత్రికి అన్నం ఎక్కడ అన్న బెంగ లేదు. ఈ ఆసరా లేనివాడి సంగతేమిటి? దానికి జవాబు అదే జట్టులో ఉంది.

5. అదే జట్టులో బలరాం

తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసుల పాత బూట్లతో చెప్పులు కుట్టేవాని చేత బూట్లు చేయించుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. రహీం సాబ్ ఆయన ఆట చూసి ప్రాక్టీసుకు రమ్మన్నారు. రోజూ అంత దూరం వచ్చే దారి లేదంటే సైకిలు అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చారు. ఆ అద్దె సైకిలే ఆయన్ని ఒలింపిక్స్‌కు చేర్చింది. 1956 మెల్‌బోర్న్‌లోనూ 1960 రోమ్‌లోనూ ఆడారు. రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద మన జట్టు కొట్టిన గోల్స్ ఆయనవే. హైదరాబాదుకూ బెంగాల్‌కూ సంతోష్ ట్రోఫీ గెలిచిపెట్టారు. చునీ, పి.కె., బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపే చెప్పేవారు. 1962లో అర్జున అవార్డు వచ్చింది.

ఇక్కడ పోలిక చూడండి. చునీ గోస్వామి 27వ ఏట అంతర్జాతీయ ఫుట్‌బాల్ తానుగా వదిలారు. ఆయన కోసం క్రికెట్ మైదానం ఎదురుచూస్తోంది. బలరాం కూడా ఇంచుమించు అదే వయసులో ఆట వదిలారు. కారణం ఊపిరితిత్తుల జబ్బు. ఆయనకు రెండో ఆట లేదు. చివరిదాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఉండి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. పద్మశ్రీ రాలేదు.

ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడగడం మా ఉద్దేశం కాదు. ఇద్దరూ ఒకే పతకం పంచుకున్నవాళ్ళు. కానీ ఒక ఆటకే సైకిలు అద్దె వెతుక్కోవలసినవాడికీ, రెండు ఆటలు ఆడగలిగినవాడికీ మధ్య తేడా ప్రతిభది మాత్రమే కాదు. ఈ సంగతి హాస్టల్ పిల్లలం మనకు బాగా అర్థమవుతుంది. మిర్చి మార్కెట్లో ఉన్న మా మిత్రుడికి ఒక రహీం సాబ్ దొరకలేదు. మేము కూడా వాడికి ఏమీ కాలేకపోయాం.

6. తెలుగువారిలోనూ ఉన్నారు

రెండు ఆటలు ఆడినవాళ్ళు మన తెలుగువారిలో లేరా? ఉన్నారు. కోటా రామస్వామి 1896లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. దక్షిణాదిలో క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడు గారి కొడుకు. 1922లో టెన్నిస్‌లో భారతదేశం తరఫున డేవిస్ కప్ ఆడారు. పద్నాలుగేళ్ళ తర్వాత 1936లో ఇంగ్లండు వెళ్ళిన క్రికెట్ జట్టులో మాంచెస్టర్‌లో మొదటి టెస్టు ఆడారు. అప్పుడు ఆయన వయసు 40. ఆ టెస్టులో చేసిన పరుగులు 40, 60. వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేస్తూనే ఇదంతా. వయసు మీరిందని ఎవరైనా అంటే ఈయన పేరు చెప్పండి.

విదేశాల్లో డెనిస్ కాంప్టన్ ఇంగ్లండుకు 78 టెస్టులు ఆడుతూనే ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టులో ఉండి 1950లో ఎఫ్.ఏ. కప్ గెలిచారు. ఆస్ట్రేలియా అమ్మాయి ఎలీస్ పెర్రీ 2007లో పదహారేళ్ళ వయసులో క్రికెట్‌లోనూ ఫుట్‌బాల్‌లోనూ దేశపు జట్టులోకి వచ్చింది. 2011 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో స్వీడన్ మీద గోల్ కొట్టింది. చెల్లెళ్ళు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

అంత దూరం ఎందుకు? మన భద్రాచలంలో 2005లో పుట్టిన గొంగడి త్రిష 2025లో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో స్కాట్లండ్ మీద 110 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. ఆ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి కూడా తనే. ఆ అమ్మాయి తండ్రి హాకీ ఆటగాడు. బిడ్డ ఆట కోసం కుటుంబం హైదరాబాదు తరలివెళ్ళింది. మళ్ళీ అదే పాఠం. ప్రతిభ వెనక ఒక ఆసరా ఉంది.

7. మనం గ్రహించవలసినవి

ఒకటి: ఆటా, చదువా అన్న ప్రశ్న తప్పు. ఏ నెలలో ఏది ముందు అన్నదే సరైన ప్రశ్న. పరీక్షల నెలలో పుస్తకం ముందు. మిగతా నెలల్లో సాయంత్రం గంటసేపు గ్రౌండు. స్టడీ అవర్‌కు మాత్రం టైముకు రావాలి.

రెండు: కొత్తది నేర్చుకునేటప్పుడు పాత గొప్పలు గేటు బయట వదిలేయాలి. పీజీలో చేరిన మొదటి రోజు ఇంగ్లీషు పాఠం ఒక్క ముక్క అర్థం కాక మేము వెనక బెంచీలో కూర్చున్నాం. అప్పుడు మాకు ధైర్యమిచ్చింది రంజీ జట్టులో కొత్త కుర్రాడిగా నిలబడ్డ భారత కెప్టెనే.

మూడు: ఆటను నమ్ముకున్నా చేతిలో పట్టా ఉండాలి. జబ్బు చేసినా, దెబ్బ తగిలినా, మనకు రెండో మైదానం చదువే. బలరాం గారి జీవితం మాకు చెప్పింది అదే.

నాలుగు: జిల్లా పోటీల్లో, రాష్ట్ర పోటీల్లో ఆడితే ఆ సర్టిఫికెట్లు ట్రంకు పెట్టె అడుగున పారేయకండి. కాలేజీ సీట్లలో, ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. మేము ఆ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాం. మీరు ఆలస్యం చేయకండి.

అయిదు: ఇది పూర్వ విద్యార్థులకు, అంటే మాకే. ఒక సైకిలు అద్దె ఒక ఒలింపిక్ ఆటగాడిని ఇచ్చింది. ఉద్యోగాల్లో కుదురుకున్న అన్నలు, అక్కలు తలా కాస్త వేసుకుంటే మన హాస్టల్‌కు నాలుగు బంతులు, పది జతల బూట్లు పెద్ద మాట కాదు. ఈ వార్షికోత్సవం రోజున మేము కొందరం కలిసి రెండు ఫుట్‌బాళ్ళు, ఒక క్రికెట్ కిట్టు తెచ్చి వార్డెన్ సారు చేతికి ఇస్తున్నాం. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయవద్దని మాత్రం మనవి.

స్టడీ అవర్‌లో చర్చించుకోవడానికి కొన్ని ప్రశ్నలు:

1. జకార్తా ఫైనల్లో దెబ్బ తగిలిన జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ముందు వరుసలో ఎందుకు నిలబెట్టారు? మన లోపాన్ని మనం ఇలా ఎక్కడ వాడుకోవచ్చు?
2. చునీ గోస్వామికి ఉన్న ఆసరాల్లో ఏవి మనకు ఉన్నాయి, ఏవి లేవు? లేనివి ఎవరిని అడగాలి?
3. మీ గదిలో ఆట మీద మనసుండి చదువులో వెనకబడ్డ తోటివాడు ఎవరు? ఈ వారం వాడికి మీరు ఏం చేయగలరు?

మూడో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయనక్కర్లేదు. మేము తొమ్మిదో తరగతిలో ఆ ప్రశ్న వేసుకోలేదు. మీరు వేసుకోండి. ఈ మధ్య ఖమ్మం వెళ్ళినప్పుడు మా మిత్రుడిని కలిసి ఓపెన్ స్కూల్లో పది పరీక్ష కట్టమన్నాం. "నన్ను మళ్ళీ గోల్ దగ్గర నిలబెడతారా?" అని నవ్వాడు. నిలబెడతామని మాట ఇచ్చాం. ఈ వార్షికోత్సవం మ్యాచ్‌లో పూర్వ విద్యార్థుల జట్టుకు గోల్‌కీపర్ వాడే. మీ షూటింగ్ ఎలా ఉందో వాడి మీదే పరీక్షించుకోండి!